మీ షార్ట్ ఫిల్మ్ చూసి జనం నిజంగా ఏమనుకున్నారో పట్టుకోవడం ఎలా? గోదావరి జిల్లాల్లో తీసేవాళ్ళ కోసం

కామెడీ తీసినవాడికి ఈ గొడవ లేదు. నవ్వారా లేదా అన్నది గుమ్మం బయట నిలబడ్డా వినపడుతుంది. దెయ్యం సినిమా తీసినా అంతే. డ్రామా తీసినవాడికే అసలు చిక్కు, ఎందుకంటే డ్రామా బాగా పండినా గది నిశ్శబ్దంగానే ఉంటుంది, పూర్తిగా తేలిపోయినా నిశ్శబ్దంగానే ఉంటుంది. లైట్లు వేశాక అడిగితే రెండుసార్లూ ఒకటే జవాబు, "చాలా బాగుందండి". అందులోనూ మన గోదావరి జిల్లాల్లో ఎదురుగా నిలబడ్డ కుర్రాడి మొహం మాడిపోయేలా మాట్లాడటం పెద్దవాళ్ళకి చేతకాదు. భుజం తట్టి, టీ ఇప్పించి, పైకొస్తావురా అని పంపిస్తారు. మీరు బండెక్కి మలుపు తిరిగాక మాత్రం కాలువ గట్టు మీద కూర్చుని ఒక్కో సీనూ ఉతికి ఆరేస్తారు. మీకు కావాల్సింది ఆ రెండో మాట.

దాన్ని పట్టుకోవాలంటే ముందు మీరు ఒకటి మానుకోవాలి, అభిప్రాయం అడగడం. నచ్చిందా, ఎలా ఉంది, రేటింగ్ ఎంత, ఇవేవీ వద్దు. మనుషులు చూస్తున్నప్పుడు వాళ్ళని మీరు చూడండి, చూశాక వాళ్ళ చేత మీ కథ చెప్పించుకోండి. మిగతాదంతా ఈ రెండు పనులూ సరిగ్గా ఎలా చెయ్యాలన్నదే.

మాట్లాడుకోవడానికి ఒక కథ పట్టుకుందాం, లేకపోతే గాల్లో లెక్కలేసినట్టుంటుంది. రాజోలు వైపు ఒక ఊరు. తల్లి 6 ఏళ్ళు కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చింది. కూతురికి 11 ఏళ్ళు, అమ్మమ్మ దగ్గర పెరిగింది, ఇప్పుడు తల్లి దగ్గరికి రాదు. తండ్రి కొబ్బరి దింపులకి వెళ్తాడు, తల్లి పంపిన డబ్బు ఏమైందో నోరు విప్పడు. సినిమా 18 నిమిషాలు. కోనసీమలోనూ నరసాపురం వైపూ గల్ఫ్ వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు ఊరూరా ఉన్నారు కాబట్టి ఈ కథ తీస్తే దాని గురించి మీకంటే ఎక్కువ తెలిసినవాళ్ళే ఎదురుగా కూర్చుంటారు. అది మంచిదే, కాకపోతే సిద్ధపడి వెళ్ళాలి.

ఎప్పుడు, ఎవరికి

ఎడిటింగ్ అయిపోయి, కలర్ చేయించి, పోస్టర్ వదిలి, రిలీజ్ డేట్ చెప్పేశాక చూపిస్తే ఉపయోగం లేదు. అప్పటికి మార్చడానికి డబ్బూ ఉండదు, ఓపికా ఉండదు, ఎవడు ఏ లోపం చెప్పినా వాడు మీకు శత్రువులాగే కనపడతాడు. రఫ్ కట్ దశలోనే, అంటే సీన్లన్నీ వరసగా ఒకసారి అతికించుకోగానే చూపించండి. కలర్ లేకపోయినా, రీరికార్డింగ్ సగంలో ఉన్నా ఎవరూ పట్టించుకోరు. మాట మాత్రం వినపడాలి. ఇది ఒకటికి రెండుసార్లు చెప్తున్నాను, మాట వినపడాలి. "స్లోగా ఉందండి" అని వచ్చే ఫిర్యాదు చాలాసార్లు నిజానికి సౌండ్ మీద ఫిర్యాదే. డైలాగు అందనప్పుడు మనిషి కాసేపు చెవులు రిక్కిస్తాడు, తర్వాత వదిలేస్తాడు, వదిలేసినవాడికి ఏ సీనైనా సాగినట్టే ఉంటుంది. మన దగ్గర లొకేషన్లు చూడటానికి ఎంత బాగుంటాయో వినడానికి అంత ఘోరం. భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు, చేలల్లో మోటార్లు, ఇంట్లో ఫ్యాను, గుడి మైకు, సందులో ఐస్ బండి. టెస్ట్ షో ముందు స్క్రిప్టు చదవని ఒకర్ని కూర్చోబెట్టి, తెర చూపించకుండా సౌండ్ మాత్రం వినిపించి డైలాగులు తిరిగి చెప్పమనండి. ఎక్కడ తడబడితే అక్కడ ముందు డబ్బింగ్ చేసి, ఆ తర్వాతే జనం దగ్గరికి వెళ్ళండి.

ఇక ఎవరికి చూపించాలి. ఇంట్లోవాళ్ళకి వద్దు, యూనిట్‌లో పనిచేసినవాళ్ళకి వద్దు, తీసిన ఊళ్ళో అసలే వద్దు. మీ సినిమాలో తండ్రి పాత్ర వేసింది ఊళ్ళో ఎరువుల కొట్టు ఆయన అయితే, ఆయన తెర మీద ఏడుస్తున్నప్పుడు జనానికి కనపడేది పాత్ర కాదు, యూరియా లేదని మొన్న తిప్పి పంపిన మనిషి. నవ్వుతారు. ఆ నవ్వు చూసి మీరు మంచి సీను కోసేసుకుంటారు. అందుకని ఏరు దాటండి. రాజోలు వైపు తీస్తే చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు చూపించండి, పాలకొల్లు వైపు తీస్తే ముమ్మిడివరం వెళ్ళండి. యాస దగ్గరగానే ఉంటుంది, బతుకూ అదే, మొహాలు మాత్రం తెలియవు. (పాలకొల్లులో ఒక ఇబ్బంది ఉంది. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ పుట్టిన ఊరు కావడం వల్లో ఏమో, టీ తాగడానికి ఆగినాయన కూడా ఇంటర్వెల్ ఎక్కడ పడాలో చెప్తాడు. 18 నిమిషాల సినిమాకి.)

ఒక్కో షోకి 8 నుంచి 12 మంది చాలు. అంతకన్నా ఎక్కువైతే మొహాలు చూడలేరు. మగవాళ్ళు, ఆడవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, ఇలా విడివిడిగా చూపించండి, ఎందుకంటే కలిపి కూర్చోబెడితే ఆడవాళ్ళు నోరు విప్పరు, కుర్రాళ్ళు సినిమా చూడటం మానేసి ఒకరి కోసం ఒకరు వేషాలేస్తారు. ఆడవాళ్ళని పోగుచెయ్యడం కష్టమనుకోకండి, డ్వాక్రా సంఘం లీడరుతో మాట్లాడితే సాయంత్రానికి పదిమంది వస్తారు. కుర్రాళ్ళకి అమలాపురం, భీమవరం కాలేజీ హాస్టళ్ళు ఉన్నాయి. మన కథలాంటిదైతే ఇంకో గుంపు తప్పనిసరి, నిజంగా కువైట్ వెళ్ళొచ్చినవాళ్ళు. ఆ షో వేరే, దాని గురించి తర్వాత చెప్తాను.

టైం కూడా చూసుకోవాలి. సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు, దాళ్వా (రబీ) నాట్లప్పుడు పిలిస్తే వచ్చినవాళ్ళు కుర్చీలోనే నిద్రపోతారు, అది మీ సినిమా తప్పు కాదు. సంక్రాంతికి ఊరంతా ఉంటుంది కదా అని ఆశపడొద్దు, హైదరాబాద్ నుంచి వచ్చినవాడి మనసంతా కోడిపందేల బరి దగ్గరుంటుంది. జూలై, ఆగస్టుల్లో ఏటి మధ్యనుండే లంక గ్రామాల జోలికి వెళ్ళకండి, వరదొస్తే వాళ్ళ తిప్పలు వాళ్ళవి. పండగ హడావిడి తగ్గి దాళ్వా ఎదుగుతున్న ఫిబ్రవరి చాలా బాగుంటుంది. కుర్రాళ్ళకైతే పరీక్షలు చూసుకుని పిలవండి.

ప్రొజెక్టరే కావాలని లేదు. పదిమందికి 43 అంగుళాల టీవీ, ఒక మంచి సౌండ్ బాక్స్ సరిపోతాయి. మైక్‌సెట్ అతను హారన్ తగిలిస్తానంటే మాత్రం ఒప్పుకోకండి, అందులో డ్రామా డైలాగు పాల కేంద్రం అనౌన్స్‌మెంటులా వస్తుంది. కరెంటు పోతే షో పాడవుతుంది, ఇన్వర్టర్ ఉన్న చోటు చూసుకోండి. దోమల కాయిల్ తప్పకుండా వెలిగించండి. నవ్వకండి, జనం కదలికలు చూసి సీన్లు అంచనా వెయ్యాలనుకుంటున్నారు మీరు, దోమ కుట్టి కాలు విదిలిస్తే ఆ తప్పు మీ ఎడిటర్ ఖాతాలో పడుతుంది.

షో నడుస్తున్నప్పుడు

ముందు లేచి మాట్లాడొద్దు. "కుర్రాళ్ళం, చిన్న బడ్జెట్, అప్పుచేసి తీశాం, తప్పులుంటే క్షమించండి" అన్నారంటే అక్కడితో ఆ షో అయిపోయినట్టే. అప్పటిదాకా ప్రేక్షకులుగా ఉన్నవాళ్ళంతా మీకు పిన్నులూ బాబాయిలూ అయిపోతారు, ఆశీర్వదించి పంపిస్తారు. ఎంత ఖర్చైందో, ఎవరు తీశారో చెప్పకుండా "ఒక చిన్న సినిమా అండి, పావుగంట పైన ఉంటుంది, చూసి కాసేపు మాట్లాడుకుందాం" అంటే చాలు. వీలైతే ఆ మాట కూడా మీరు కాకుండా వేరే ఎవరైనా చెప్పాలి, మీరు ప్రొజెక్టర్ తిప్పే కుర్రాడిలా పక్కన ఉండిపోవాలి. నటులు రాకూడదు. వాళ్ళకి కోపం వస్తుంది, రానివ్వండి.

వెనక కూర్చుంటే మీకు తలలే కనపడతాయి. తెర పక్కన, కాస్త చీకట్లో, జనం మొహాలు కనపడేలా కూర్చోండి. చేతిలో కాగితం, దాని మీద ముందే నిమిషాలు రాసి పెట్టుకోండి. వీడియో తియ్యాలంటే అందర్నీ అడగాలి, అడిగితే ఆడవాళ్ళు బిగుసుకుపోతారు, అందుకని సౌండ్ మాత్రం రికార్డు చేసుకుంటామని చెప్పి ఒక ఫోను కుర్చీల మధ్య పెట్టండి. ఇది చిన్న పనే కానీ దీనంత పనికొచ్చేది ఇంకోటి లేదు. ఆ రికార్డింగులో మీ సినిమా శబ్దం కూడా పడుతుంది కాబట్టి ఇంటికొచ్చాక ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద సినిమా కింద దాన్ని పరిచెయ్యొచ్చు, డావిన్సీ రిజాల్వ్, ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు రెండూ వేవ్‌ఫారం (శబ్దం గీతలు) చూసి వాటంతటవే కలుపుతాయి. ఇక ఏ షాట్ మీద ఎవరు దగ్గారో, ఏ డైలాగు మీద గుసగుస మొదలైందో, ప్లాస్టిక్ కుర్చీలు ఎప్పుడు కిర్రుమన్నాయో సెకన్లతో సహా తెలిసిపోతుంది. రెండు మూడు షోల రికార్డింగులు ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి, కుర్చీల కిర్రు ఒకే చోట వస్తుంటే ఇంక ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు.

నిశ్శబ్దాన్ని చదవడం కొంచెం అలవాటు మీద వస్తుంది. పట్టు ఉన్న సీనులో దగ్గు ఆపుకుంటారు, సీను మారగానే ఒక్కసారిగా ముగ్గురు నలుగురు దగ్గుతారు, సర్దుకుని కూర్చుంటారు. అది మీరు గెలిచిన చోటు. పట్టు లేని సీనులో దగ్గులు విడివిడిగా, ఎప్పుడు పడితే అప్పుడు వస్తాయి. ఫోన్ వెలుతురు ఒకళ్ళ మొహం మీద పడితే అతనికి ఏదో మెసేజ్ వచ్చిందనుకోవచ్చు, పక్కనే ఇంకో ఇద్దరి మొహాల మీద కూడా పడితే నిమిషం రాసుకోండి. గుసగుసల్లో కూడా రెండు రకాలున్నాయి. "ఆమెవరు? అత్తా, అమ్మా?" అని అడిగితే మీరు చెప్పాల్సింది చెప్పలేదని. "చూడు, ఇప్పుడు ఆ పిల్ల పెట్టె తెరుస్తుంది" అని ముందే చెప్పేస్తుంటే మీ సినిమాలో మునిగిపోయారని. రెండోది వినపడితే, ఊహించింది జరిగినా జరగకపోయినా, ఆ సీను జోలికి పోకండి. అన్నట్టు కొంగు కళ్ళ దాకా వెళ్ళిందని సంబరపడకండి, మన ఉక్కపోతలో అది చెమట కూడా కావచ్చు.

నవ్వకూడని చోట నవ్వితే భయపడొద్దు, ముందు అది ఎలా మొదలైందో వినండి. ఒకడు ఏదో అని, ఆ తర్వాత చుట్టూ నవ్వు పాకితే అది ఆ కుర్రాడి జోకు, మీ సినిమాకి సంబంధం లేదు. గది మొత్తం ఒకేసారి నవ్వితే మాత్రం తెర మీదే ఏదో ఉంది, పెదాలకీ డబ్బింగుకీ కుదరకపోవడమో, ఏడుపు మోతాదు మించడమో, లేదా యాస. యాస గురించి ఒక మాట చెప్పుకోవాలి. సినిమాల్లో గోదావరి యాసని ఇన్నేళ్ళూ ఎక్కువగా కామెడీకే వాడటంతో, తండ్రి గుండె పగిలి మాట్లాడుతూ మధ్యలో "ఆయ్" అంటే అలవాటుగా నవ్వొచ్చేస్తుంది. మనవాళ్ళే నవ్వుతారు, మళ్ళీ మనవాళ్ళే "మమ్మల్ని వెటకారం చేశారేంటండీ" అని నొచ్చుకుంటారు. నిజానికి ఏ ఊళ్ళోనూ ఎవరూ వాక్యానికొక ఆయ్ అనరు. బాధలో ఉన్న మనిషి నోట్లోంచి ఆ అలంకారాలు తీసేసి, మాట విరిచే తీరు మాత్రం ఉంచితే చాలు.

లైట్లు వేశాక

వెంటనే చర్చ పెట్టొద్దు. పెడితే ఊళ్ళో పెద్దనోరున్న ఆయన ఒకరు మొదలెడతారు, ఆయన ఏమంటే మిగతా పదకొండుమందీ అదే అంటారు. రాయగలిగినవాళ్ళకి ముందు చీటీలు ఇవ్వండి, పేరు రాయొద్దని చెప్పండి. రాయడం ఇబ్బందైన పెద్దవాళ్ళ పక్కన మీ మనిషి ఒకరు కూర్చుని విడిగా అడిగి రాసుకోవాలి. టీలూ బిస్కెట్లూ ఆ తర్వాతే.

మొదటి ప్రశ్న, "ఈ కథ రేపు మీ ఆడపడుచుకి చెప్పాలంటే ఎలా చెప్తారు?" ఇంక మీరు మాట్లాడకూడదు. వాళ్ళు చెప్పిందాంట్లో ఏ సీన్లు ఉన్నాయో, ఏవి ఎగిరిపోయాయో చూడండి. మీరు రెండు రోజులు కష్టపడి ఏరు దాటించే పంటు మీద తీసిన సూర్యాస్తమయం ఎవరి నోటా రాలేదంటే, కథకి దాని అవసరం లేదని మీకు తెలిసిపోయినట్టే. తర్వాత కారణాలు అడగండి. కూతురు తలుపు ఎందుకు వేసుకుంది? "అమ్మమ్మ మీద బెంగండి, ఈవిడ వచ్చి అమ్మమ్మని పంపేస్తుందేమోనని" అన్నారంటే సీను పండింది. "నిద్రొచ్చిందేమోనండి" అంటే మీ తలకాయలో ఉన్నది తెర మీదకి రాలేదు. తండ్రి డబ్బు ఏం చేశాడనుకుంటున్నారు? ఒకరు తాగేశాడని, ఒకరు చెల్లెలి పెళ్ళికి పెట్టాడని, ఒకరు అప్పు కట్టాడని అంటే అది తప్పేం కాదు, వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటే ఇంకా మంచిది. ఎవరికీ ఏ ఊహా లేకపోతేనే దెబ్బ.

నేరుగా తప్పు చెప్పమంటే ఎవరూ చెప్పరు కాబట్టి వేరేవాళ్ళ మీద పెట్టి అడగండి. "ఇది మీ అబ్బాయికి చూపిస్తే ఎక్కడ ఫోన్ తీస్తాడంటారు?" "మీ అత్తగారైతే ఎక్కడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోతారు?" అంటే చాలు, నవ్వుకుంటూ నిమిషం లెక్కన చెప్పేస్తారు. కొడుకు పేరు చెప్పుకుని వాళ్ళ మనసులో మాటే బయటపెడతారు, మీకు మర్యాద తక్కువ చేసినట్టూ ఉండదు.

వాళ్ళు చెప్తున్నప్పుడు మీరు "అంటే అక్కడ మా ఉద్దేశం ఏంటంటేనండీ" అన్నారంటే ఆ నోరు మళ్ళీ తెరుచుకోదు. సంజాయిషీ చెప్పకండి. ఆపుకోలేకపోతే బయటికెళ్ళి నిలబడండి, రాసుకునే పని వేరేవాళ్ళకి అప్పజెప్పండి.

మర్నాడు పొద్దున్న ఇంకో పని ఉంది. యూనిట్‌తో సంబంధం లేని కుర్రాడు ఒకర్ని ఆ ఊరి టీ కొట్టు దగ్గరికో, రేవు దగ్గరికో పంపించి "నిన్న ఏదో సినిమా వేశారంట కదా" అని అడగమనండి. రాత్రి చీటీల్లో రాని మాటలన్నీ అక్కడ వస్తాయి. ఏమీ రాకపోతే, అంటే రాత్రి చూసిన సినిమా పొద్దున్నకి ఎవరికీ గుర్తుకే రాకపోతే, అది కూడా ఒక జవాబే, అన్నిటికన్నా కఠినమైన జవాబు.

పొగడ్తల లెక్క

"ఫోటోగ్రఫీ అదిరింది", "కొబ్బరితోటలు భలే చూపించారండి" అన్న మాటే ముందొచ్చిందంటే కథ పట్టలేదని అర్థం. కథలో పడినవాడికి చెట్లు కనపడవు. "మంచి మెసేజ్ ఇచ్చారు" అంటే మీ చివరి సీను పాఠం చెప్పినట్టుంది, వాళ్ళు బుద్ధిగా విన్నారు, అంతే. "అవార్డు సినిమాలా ఉందండి" అంటే నత్తనడక. "పాప బాగా చేసింది" అన్నది మాత్రం చాలావరకు నిజమే, దాన్ని నమ్మొచ్చు, కానీ మిగతావాళ్ళ పేర్లు రాకపోవడం కూడా గమనించండి.

వెటకారం వచ్చిందంటే సంతోషించండి, అది మొహమాటం వదిలిన మనిషి నోటి నుంచే వస్తుంది, పైగా చాలా కచ్చితంగా ఉంటుంది. "ఆవిడ ఆ గుమ్మం దగ్గర అంతసేపు నిలబడింది, కాళ్ళు పీకలేదా అండి పాపం?" అంటే షాట్ పొడవు తగ్గించమని. "కెమెరా అద్దె గంటకా, రోజుకా బాబూ?" అన్నా అదే. "ఆ ఊళ్ళో ఇంకెవరూ ఉండరా?" అంటే ఇంకా పెద్ద విషయం, జనం లేకుండా తీసిన ఇల్లు వాళ్ళకి ఇల్లులా అనిపించలేదు.

ఇక్కడే ఆ కువైట్ వెళ్ళొచ్చినవాళ్ళ షో పనికొస్తుంది. వాళ్ళు కథ గురించి తక్కువ మాట్లాడతారు, తప్పులు చెప్తారు. అట్టపెట్టెకి తాడు కట్టి, మార్కర్‌తో పెద్దక్షరాల్లో పేరూ ఊరూ ఫోన్ నంబరూ రాయకుండా ఎలా వచ్చిందండీ ఆవిడ? ఆరేళ్ళ తర్వాత వస్తే ఒంటరిగా ఆటో దిగుతుందా, చుట్టాలంతా ఎదురురారా? పిల్లకి చాక్లెట్లు ఏవి? ఇలాంటివి విని "చిన్న విషయాలే" అనుకోకండి. ఇవి ఒకట్రెండు తప్పితే వాళ్ళు ఆ తర్వాత తల్లి ఏడుపు కూడా నమ్మరు. ఈ గుంపు చెప్పిన నిజాల విషయంలో ఓటింగ్ పెట్టొద్దు, ఒక్కరు చెప్పినా మార్చెయ్యండి. ఇంకోటి, పాత్రల పేర్లు, గోడ మీద ఫోటోలు, ఇల్లున్న వీధి చూసి మన జనం కులం లెక్క వేసేస్తారు, మీరు అనుకున్నా అనుకోకపోయినా. తాగుబోతు తండ్రికి మీరు యథాలాపంగా పెట్టిన ఇంటిపేరు ఒక వీధి మొత్తానికి గుచ్చుకోవచ్చు. పైకి ఎవరూ అనరు, షో మధ్యలో ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోతారు. అలా వెళ్ళినవాళ్ళని మర్నాడు ఒంటరిగా కలిసి నెమ్మదిగా అడగండి.

దేన్ని మార్చాలి, దేన్ని వదిలెయ్యాలి

జనం ఎక్కడ నొప్పో సరిగ్గా చెప్తారు, మందు మాత్రం తప్పు చెప్తారు. "ఒక పాట పెట్టండి", "చివర్లో తల్లీకూతుళ్ళని కలిపెయ్యండి", "తండ్రిని చంపెయ్యండి" అంటారు. తల ఊపండి, రాసుకోండి, మందు వదిలేసి నొప్పి ఎక్కడుందో చూడండి. నొప్పి ఉన్నచోటే రోగం ఉందనుకోవద్దు. మన కథలో 9వ నిమిషంలో తండ్రి మౌనంగా భోంచేసే సీనులో కుర్చీలు కిర్రుమన్నాయనుకోండి. సీను పొడవు తగ్గించాలనిపిస్తుంది. కానీ అసలు సంగతి, ఆమె నెలనెలా డబ్బు పంపిందన్న విషయం 2వ నిమిషంలో చెప్పడం మర్చిపోయారు, అందుకే ఆ మౌనంలో ఏముందో ఎవరికీ తెలియలేదు. మొదట్లో ఆ ఒక్క ముక్క అందిస్తే, 9వ నిమిషం సీను అలాగే ఉంచినా జనం ఊపిరి బిగబట్టి చూస్తారు.

డబ్బుల్లేవు కాబట్టి రీషూట్ మాట మర్చిపోండి. ఉన్న ఫుటేజీతోనే చాలా చెయ్యొచ్చు. మనిషి వెనక్కి తిరిగున్న షాట్ మీద ఏ డైలాగైనా వెయ్యొచ్చు, పెదాలు కనపడవు. తల్లి ఏటిగట్టు మీద నడిచే షాట్ ఉందా, దాని మీద ఒక పాత వాట్సాప్ వాయిస్ మెసేజ్ వినిపించండి, "అమ్మా, ఈ నెల పాతిక వేశాను, పాప ఫీజు కట్టెయ్యమను", అయిపోయింది. ఎదురొచ్చే చుట్టాల్ని తియ్యడానికి పాతికమంది అక్కర్లేదు, గుమ్మం ముందు ఇరవై జతల చెప్పులు, లోపల్నుంచి మాటలూ, స్టీలు గ్లాసుల చప్పుడూ ఉంటే చాలు, ఇల్లు నిండిపోతుంది. ఇది ఫోన్‌తో పావుగంటలో తీసే షాటు.

అన్నీ మార్చకండి. వేర్వేరు షోల్లో, వేర్వేరు మనుషులు ఒకే చోట కదిలితేనే చెయ్యి పెట్టండి. కుర్రాళ్ళు విసుక్కున్నారు, ఆడవాళ్ళు కళ్ళార్పకుండా చూశారు అంటే, ఆ సినిమా ఎవరి కోసం తీశారో మీరే తేల్చుకోవాలి, దానికి టెస్ట్ షో జవాబు చెప్పదు. నన్నడిగితే ఈ కథకి ఆడవాళ్ళ మాటే వింటాను.

యూట్యూబ్‌లో పెట్టే ముందు, పెట్టాక

ముందు అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవాళ్ళకే కనపడేలా పెట్టి, తెలియనివాళ్ళు వీలైనంత ఎక్కువమందికి ఆ లింకు అందేలా చూడండి. యూట్యూబ్ స్టూడియోలో రిటెన్షన్ గ్రాఫ్ (ఏ క్షణానికి ఎంతమంది ఇంకా చూస్తున్నారో చూపే గీత) తెరిచి మీ షోల కాగితంతో పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి 30 సెకన్లలో గీత దబ్బున పడిపోయిందంటే కథ తప్పు కాదు, బ్యానర్ లోగో, సహకరించిన పెద్దల ఫోటోలు, ధన్యవాదాల కార్డులు తప్పు. వాటన్నిటినీ చివరికి తోసెయ్యండి. మధ్యలో గీత పైకి లేచిందంటే అక్కడ వెనక్కి తిప్పి మళ్ళీ చూశారని. నచ్చి చూశారో, డైలాగు అర్థంకాక చూశారో గ్రాఫ్ చెప్పదు, మీ సౌండ్ రికార్డింగ్ చెప్తుంది. అక్కడ గుసగుసలు ఉన్నాయా లేదా చూసుకోండి.

18 నిమిషాల సినిమా లింకు పంపిన 2 నిమిషాలకే "సూపర్ రా" అని వచ్చిందంటే అది ప్రేమ, దాన్ని అలాగే తీసుకోండి. మొదటి రోజు కామెంట్లన్నీ దాదాపు ఈ బాపతే. అసలు మాటలు మీ పరిచయాల వలయం దాటాక, వారం పది రోజులకి మొదలవుతాయి. డిస్‌లైక్‌ల సంఖ్య 2021 నవంబర్ నుంచి బయటికి కనపడటం లేదు కానీ స్టూడియోలో మీకు కనపడుతుంది, ఒకసారి చూసి వదిలెయ్యండి. ఎవరైనా "మా అమ్మ కూడా ఇలాగే" అని నాలుగు లైన్లు తన కథ రాసుకుంటే, అదే మీకు దొరికే పెద్ద మార్కు. అలాంటివాళ్ళకి మీ సినిమా గొప్పలు చెప్పకుండా, వాళ్ళ కథ గురించి ఒక ప్రశ్న అడగండి.

గల్ఫ్ కథ కాబట్టి అక్కడున్నవాళ్ళనీ లెక్కలోకి తీసుకోవాలి. కువైట్ మన కన్నా రెండున్నర గంటలు వెనక ఉంటుంది, అక్కడ సెలవు శుక్రవారం. గురువారం రాత్రి వదిలితే మర్నాడు వాళ్ళకి చూసే తీరిక ఉంటుంది. ఆదివారం పొద్దున్న వదిలితే మన ఊళ్ళవాళ్ళకి బాగానే ఉంటుంది, వాళ్ళు పనిలో ఉంటారు.

చివరిగా తీసిన ఊళ్ళో, నటుల మధ్య ఒక షో వేస్తారు కదా, వెయ్యండి, ఎరువుల కొట్టు ఆయన్ని చూసి ఎంత నవ్వినా పర్లేదు, అప్పటికి మీ ఎడిట్ లాక్ అయిపోయి ఉంటుంది. పాతికవేలు సర్దిన మేనమామకి కూడా అప్పుడే చూపించండి, ముందు చూపిస్తే తన వాటాకి ఒక ఫైటు అడుగుతాడు. కాకపోతే పిలిచిన పదిమందికి ఇంట్లో వేసుకోవడం వేరు, తీర్థంలోనో జాతరలోనో తెర కట్టి ఊరందరికీ వెయ్యడం వేరు. పబ్లిక్ ప్రదర్శన అంటే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి, పొట్టి సినిమా అని మినహాయింపు లేదు, దరఖాస్తు సెన్సార్ బోర్డు వాళ్ళ ఇ-సినీప్రమాణ్ పోర్టల్‌లో పెట్టుకోవాలి. మైకుకి పోలీసుల అనుమతి తీసుకోండి, రాత్రి 10 గంటలకల్లా సౌండ్ కట్టెయ్యాలి కాబట్టి షో ఏడున్నరకే మొదలుపెట్టండి.